బోర్డో పట్టణంలో ద్రాక్షసారా రుచి

బోర్డో అన్న మాట మన గోదావరి రైతులకు కొత్త కాదు. కొబ్బరిచెట్టుకు మొవ్వుకుళ్ళు వచ్చినా, తమలపాకు తోటలో తీగె కుళ్ళినా మన పెద్దలకు మొదట గుర్తుకు వచ్చేది బోర్డో మిశ్రమమే. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. ఇనుప పాత్రలో కలపరాదనీ, కలిపిన తరువాత కత్తి మొన ముంచి చూచి దానిమీద ఎర్రగా రాగి పూత పట్టితే మరికాస్త సున్నపుతేట పోయాలనీ తోటల మధ్య పెరిగిన పిల్లలకు సైతం తెలుసు. అయితే ఆ మందు పేరు ఒక ఊరి పేరనీ, ఆ ఊరు ఫ్రాన్సు దేశంలో గారోన్ నది ఒడ్డున ఉన్నదనీ, ఆ మందు పుట్టింది ద్రాక్షతోటల కోసమనీ మనలో ఎందరికి తెలుసు?

దాని పుట్టుక చిత్రమైనది. 1878 ప్రాంతాన అమెరికా నుంచి ఒక బూజు తెగులు వచ్చి ఫ్రెంచి ద్రాక్షతోటలను పట్టుకున్నది. బోర్డోకు దిగువనున్న మెదోక్ ప్రాంతంలో రైతులకు ఒక అలవాటు ఉండేది. దారినపోయేవాళ్ళు పండ్లు కోసుకుపోకుండా, దారి ప్రక్కనున్న తీగెల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చిలకరించేవారు. ఆకులు నీలంగా, విషంగా కనిపిస్తే దొంగ చెయ్యి పెట్టడు గదా! 1882లో బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే మియార్దే అనే ఆచార్యుడు అటుగా పోతూ, తోటంతా తెగులుతో మాడిపోయినా దారి ప్రక్క తీగెలు మాత్రం పచ్చగా ఉండడం గమనించాడు. తరచి తరచి పరీక్షించి 1885లో లోకానికి వెల్లడి చేశాడు. దొంగల కోసం పూసిన పూత తెగులుకు మందయింది. అది సముద్రాలు దాటి మన కొబ్బరిచెట్టు మొవ్వులోకి వచ్చింది.

ఆ ఊరిని కళ్ళారా చూచే అవకాశం నాకు 2024 సెప్టెంబరులో కలిగింది. మా యానాం 1954లో పరాసువారి చేతిలోనుంచి వచ్చింది; చట్టరీత్యా విలీనం మాత్రం 1962 ఆగస్టు 16న జరిగింది. ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవారు ఆ నాటి నుంచి ఆరు నెలల లోపల వ్రాసి ఇవ్వవచ్చునని ఒడంబడిక. మా తాతగారు వ్రాయలేదు. ఆయన అన్నగారు వ్రాశారు. ఆ ఒక్క కాగితంతో ఒకే ఇంటిపేరు రెండు దేశాలకు చెందింది. ఆ పెదతాతగారి మనుమడు, నాకు వరుసకు అన్నయ్య, పారిస్ సమీపంలో కాపురముంటున్నాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. నా బోటి గుమాస్తాకు అంత దూరం పోయివచ్చే స్తోమతు ఎక్కడిది? టిక్కెట్టు ఆయనే పంపాడు. పారిస్‌లో నాలుగు రోజులు గడిచాక, "తమ్ముడూ, కోతల కాలం వచ్చింది, బోర్డో చూచి వద్దాం పద," అన్నాడు.

పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషనులో ఎక్కితే రెండు గంటల పైన కొద్ది నిమిషాలలో బోర్డోలో దిగాము. 2017లో వేగపు రైలు దారి పూర్తయిన తరువాత ప్రయాణం ఇంత తగ్గిందట. స్టేషను నుంచి ట్రాము ఎక్కితే నది వెంబడే పోతుంది. ఊరి నడుమ ఆ ట్రాముకు పైన తీగెలు లేవు. కరెంటు నేలలో పరచిన పట్టా నుంచి అందుతుంది. పాత మేడల అందం చెడకుండా చేసిన ఏర్పాటు. మేడలన్నీ తేనె రంగు రాతివి. ఒక వైపు నదిమీద 1822లో పూర్తయిన 17 కమానుల రాతివంతెన. నీళ్ళు చూస్తే నాకు సగం దూరం తగ్గినట్లయింది. వరదనాటి గోదావరి రంగే. సముద్రపు పోటు ఊరిదాకా ఎక్కి వస్తుంది. ఊరికి దిగువన గారోన్, దోర్దోన్య నదులు రెండూ కలిసి జిరోండ్ అన్న పెద్ద ముఖంతో సముద్రంలో పడతాయి. మన వద్ద ఒకే గోదావరి పాయలుగా విడిపోతుంది. అక్కడ రెండు ఏళ్ళు ఒకటవుతాయి. అంతే తేడా.

ట్రాము దిగి నాలుగు అడుగులు వేస్తే పెద్ద నాటకశాల. అది 1780లో కట్టినది. దాని ఎదుట రెండు వీధులు కలిసే మొనమీద, ఓడ ముక్కు వలె కోసుగా ఒక పాత మేడ నిలబడి ఉన్నది. గోబినో భవనమంటారు. బోర్డో ప్రాంతపు ద్రాక్షరైతులు, వ్యాపారులు, దళారులు కలిసి 1948లో ఏర్పడిన సంఘం కార్యస్థానం అది. దాని క్రింది అంతస్తులో వారే ఒక ద్రాక్షసారా శాల నడుపుతున్నారు. అన్నయ్య నన్ను తీసుకుపోయింది అక్కడికే.

శాల అనగానే చదువరులు మన వైపు దుకాణాలను తలచుకోకూడదు. ఆంధ్రలోనూ, తెలంగాణాలోనూ 'వైన్స్' అని పెద్ద అక్షరాల బోర్డు కనబడితే లోపల దొరికేవి ముఖ్యంగా బ్రాందీ, విస్కీలు. వైను మాత్రం వెదకాలి. ఇక్కడ అది తిరగబడింది. వైను తప్ప మరొకటి లేదు. అదీ బోర్డో ప్రాంతానిదే. ఎత్తయిన కప్పు, రంగుగాజు కిటికీలు, చిన్న చిన్న బల్లలు. ముసలి దంపతులు ఒక ప్రక్క, ఆఫీసు నుంచి వచ్చిన యువతులు ఒక ప్రక్క, ఎవరి మాట వారిది. పెద్దగొంతు వినబడదు. పట్టీలో ఎరుపు, తెలుపు, తీపి అని విభాగాలు; ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఊరు, సంవత్సరం, వెల. అయిదు యూరోల లోపు గ్లాసులు కూడా నేను చూచిన పట్టీలో ఉన్నాయి. సంఘంవారి ఉద్దేశం లాభం కన్నా, వచ్చినవానికి తమ ప్రాంతం పరిచయం చేయడమేనని కనబడుతుంది. అదే సంఘం రుచి చూడడం నేర్పే బడి కూడా నడుపుతున్నది.

నేను వ్రతం పట్టినవాణ్ణి కాను, అలవాటున్నవాణ్ణీ కాను. మా ఇంట్లో ద్రాక్షరసానికి సంబంధించిన సీసా అంటే మా నాయనమ్మ అలమరలో ఉండే ద్రాక్షారిష్టమే. మూడు పూటలా చెంచాతో కొలిచి తాగేది. అరిష్టాలూ ఆసవాలూ కూడా పులియబెట్టినవేననీ, వాటిలోనూ కొంత మత్తుపదార్థం తనంతట పుడుతుందనీ ఆమెకు తెలిసి ఉండదు. చెంచా కొలత మాత్రం తెలుసు. ఆ కొలత విలువ నాకు ఈ శాలలో తెలిసివచ్చింది.

మా బల్ల దగ్గరకు వచ్చిన అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. యానాం బడిలో నేర్చిన నా ఫ్రెంచి విని ముచ్చటపడి, "ముస్యే, మొదటిసారా? అయితే ఇద్దరూ నాలుగు గ్లాసులు పంచుకోండి. అన్నీ మింగనక్కరలేదు," అని బల్లమీద ఒక చిన్న పాత్ర పెట్టింది. ఉమ్మివేయడానికి! సారా దుకాణంలో ఉమ్మి పాత్ర మర్యాదగా పెట్టడం నేను ఎన్నడూ వినలేదు. రోజుకు డెబ్బై ఎనభై రకాలు పరీక్షించే వృత్తివారు మింగుతూ పోతే మధ్యాహ్నానికే తప్పతాగి పడిపోతారు. నాలుకకు పని చెప్పి కడుపుకు సెలవివ్వడమే వారి విద్య. గ్లాసులో మూడవ వంతుకు మించి పోయదు. పోసినదాన్ని వంచి తెల్లగుడ్డ ఎదుట రంగు చూడాలి, గుండ్రంగా తిప్పి వాసన చూడాలి, గుక్కెడు నోట పెట్టుకుని కాస్త గాలి పీల్చి నాలుకంతా తిప్పాలి. సంగీతం వినేవాడు తాళం వేసినట్లు, దీనికీ ఒక పద్ధతి.

మొదటిది తెల్లది. ఆంత్ర దు మేర్ అని దాని సీమ పేరు. 'రెండు సముద్రాల నడుమ' అని అర్థం. నిజానికి రెండు వైపులా ఉన్నవి సముద్రాలు కావు, పోటు వచ్చే గారోన్, దోర్దోన్య నదులే. గౌతమికీ వసిష్ఠకూ నడుమ కోనసీమ ఎటువంటిదో అదీ అటువంటిదే. రుచి పుల్లగా, చల్లగా, పచ్చి నిమ్మతొక్క వాసనతో ఉన్నది.

రెండవది మెదోక్ ఎరుపు. ఎర్రద్రాక్ష రసం కూడా చాలావరకు రంగు లేనిదేనట. తొక్కలతో కలిపి నానబెట్టడం వలన రంగు దిగుతుంది. తొక్క నుంచీ, గింజ నుంచీ, ఓకుచెట్టు పీపా నుంచీ మరొకటి కూడా దిగుతుంది. అది నోట పడగానే చిగుళ్ళు బిగిసి, నాలుక ఎండిపోయినట్లయింది. ఆ అమ్మాయి దానిని వివరించబోయి, "ఇది రుచి కాదు ముస్యే, ఒక స్పర్శ వంటిది. మేము లెక్కపెట్టే రుచులలో ఇది లేదు," అన్నది. అన్నయ్య వెంటనే నవ్వి, "మాకు ఉంది, వగరు!" అన్నాడు. నిజమే. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని మనం ఉగాది నాడు ఆరు లెక్కపెట్టి తింటాము. లేత మామిడిపిందె, పచ్చి వక్క, నేరేడుపండు, కరక్కాయ తిన్న నోటికి బోర్డో ఎరుపు పరాయిది కాదు. తెలుగు చదవలేని మా అన్నయ్యకు ఆ మాట నాలుక చివర ఉన్నది సుమండీ.

మూడవది నదికి కుడి ఒడ్డున ఉన్న సేంతెమిలియోన్ ఊరిది. అదీ ఎరుపే గాని మెత్తగా, మగ్గిన రేగుపండు వలె ఉన్నది. ఎందుకీ తేడా అంటే నేల అన్నారు. ఎడమ ఒడ్డున గులకరాళ్ళ నేల. పగటి ఎండను దాచుకుని, నీరు నిలువనీయదు. అక్కడ ఆలస్యంగా పండే కబెర్నే సొవిన్యోన్ బాగా వస్తుంది. కుడి ఒడ్డున బంకమన్నూ, సున్నపురాయీ, చల్లని నేల. అక్కడ త్వరగా పండే మెర్లో జాతి. ఆ కబెర్నే సొవిన్యోన్ ఒక ఎర్రజాతికీ ఒక తెల్లజాతికీ తోటలో తమంతట పుట్టిన సంతానమని 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు తేల్చారట. అంతదాకా దాని తల్లిదండ్రులెవరో తోటవాళ్ళకే తెలియదు!

నాలుగవది తీపిది, సొతెర్న్. శరత్కాలంలో సిరోన్ అనే చిన్న చల్లటి ఏరు వెచ్చటి గారోన్‌లో కలిసేచోట పొగమంచు లేస్తుంది. ఆ తేమకు పండిన ద్రాక్ష మీద ఒక బూజు పడుతుంది. అది కాయలోని నీటిని లాగివేసి తీపిని మిగులుస్తుంది. ఎండుద్రాక్షవలె ముడుచుకున్న కాయలను ఏరి ఏరి కోయాలి. ఒక తీగెకు ఒక్క గ్లాసు రావడం గొప్ప. ఒక బూజును చంపడానికి మైలుతుత్తం కనిపెట్టిన ఊరే మరొక బూజును చేతులు జోడించి ఆహ్వానిస్తున్నది. తేనె, నారింజతొక్క, కుంకుమపువ్వు కలిపినట్లున్న ఆ గుక్కెడు మాత్రం నేను ఉమ్మలేదు.

మన ఇళ్ళలో శాకాహారులు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఎర్రసారాను తేర్చడానికి పీపాలో కోడిగ్రుడ్ల తెల్లసొన గిలకొట్టి వేయడం బోర్డోలో పూర్వాచారం. సొన మడ్డిని పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఇప్పుడు ఒక రకం మట్టితో తేర్చేవారూ ఉన్నారు గనుక అడిగి తెలుసుకోవచ్చును. మిగిలిన పచ్చసొన నుంచి పుట్టిందని చెప్పుకునే మిఠాయి కనెలే. బయట మాడు రంగు, లోపల మెత్తన. రమ్మూ, వెనిల్లా వేస్తారు.

ఆ రమ్మూ వెనిల్లాలూ బోర్డోలో పండవు. దీవుల నుంచి ఓడలలో వచ్చినవి. ఆ తేనెరంగు మేడలు లేచిన డబ్బులో ద్రాక్షసారాది ఒక భాగం, దీవుల చక్కెరది మరొక భాగం. ఈ ఊరి ఓడలు ఆఫ్రికా నుంచి 1,20,000కు పైగా మనుషులను బానిసలుగా పట్టి దీవులకు చేర్చాయి. 2019లో నది ఒడ్డున అటువంటి ఒక స్త్రీ విగ్రహం నిలిపి, ఊరివారే ఆ చరిత్రను ఒప్పుకున్నారు. ఫ్రెంచివారు 1848లో బానిసత్వం తీసివేసిన తరువాత చెరకుతోటలకు కూలీలు మరింతగా కావలసివచ్చినప్పుడు, మన యానాం, కోరంగి రేవుల నుంచి తెలుగువారు రియూనియన్, మారిషస్ దీవులకు పోయారు. కనెలే కొరికినప్పుడు ఆ తీపిలో మనవారి చెమట కూడా గుర్తుకు రాకపోలేదు.

ఇక అసలు సంగతి. నాలుగు సీసాలూ బల్లమీద వరుసగా నిలబెట్టి ఆ అమ్మాయి, "చూడండి, దీనిమీద ద్రాక్షజాతి పేరు లేదు. ఊరి పేరే ఉన్నది," అని చూపింది. నిజంగానే అంతే. 1935లో వారొక చట్టం చేసుకున్నారు. ఒక సీమ పేరు సీసామీద వేయాలంటే ద్రాక్ష ఆ సీమలోనే పండాలి; అనుమతించిన జాతులే కావాలి; హెక్టారుకు ఇంతకు మించి దిగుబడి తీయరాదు; ఈ పద్ధతిలోనే చేయాలి. ప్రక్క ఊరి పండు ఎంత మంచిదైనా ఈ ఊరి పేరు పెట్టుకోరాదు. బోర్డో పేరుకు ఆ రక్షణ 1936లో వచ్చింది. దానికి ముందే, 1855 పారిస్ ప్రదర్శనకు దళారులు మెదోక్ తోటలను ధరలను బట్టి అయిదు తరగతులుగా వ్రాసిన పట్టీ ఒకటి ఉన్నది. అప్పటి నుంచి అందులో ఒక తోట రెండవ తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కడం 1973లో జరిగింది; పెద్ద మార్పు అంటే అదొక్కటే. ఆఫీసు సీనియారిటీ లిస్టుకు కూడా అంత స్థిరత్వం ఉండదు!

అన్నయ్య ఆ చీటీలు త్రిప్పి త్రిప్పి చూచి, "తమ్ముడూ, మన ఇంటిపేరు కూడా ఊరేనా?" అని అడిగాడు.

అరవై ఏళ్ళ క్రిందట ఒక కాగితంతో విడిపోయిన కుటుంబంలో, ఆ పేరు అక్కడి ఫ్రెంచి గుర్తింపు కార్డులన్నిటి మీదా ఉన్నది. అది ఒక ఊరని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. గోదావరి గట్టున ఫలానా చోట ఉన్నదనీ, యానాం నుంచి బస్సులో రెండు గంటలు పోతే వస్తుందనీ, మన ముత్తాతల నాటికే అక్కడినుంచి లేచివచ్చామనీ, ఇప్పుడు మనవాళ్ళు అక్కడ ఒక్క గడప కూడా లేరనీ చెప్పాను. ఆయన జేబులోనుంచి కలం తీసి బిల్లు వెనుక ఫ్రెంచి అక్షరాలలో ఆ వివరం వ్రాసుకుని, "పిల్లలు అడుగుతుంటారు," అన్నాడు.

మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ళ పేర్లే. కోలారులోనో, మధురలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో తరాల తరబడి స్థిరపడిన మన కుటుంబాలు, ఎన్నడూ చూడని ఒక ఊరిని పేరుకు ముందు మోసుకుంటూ తిరుగుతున్నాయి. బోర్డో చట్టం ప్రకారమైతే మనకా పేరు చెల్లదు. పండిన నేల వేరు గదా! అయితే ద్రాక్ష చెప్పే రెండవ మాట కూడా వినాలి. 1860 తరువాత అమెరికా నుంచి మరొక చీడ, వేరుపురుగు, వచ్చి ఫ్రెంచి తోటలను వేళ్ళతో సహా తినివేసింది. దానికి మందు దొరకలేదు. ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్కల మీద తమ కొమ్మలను అంటుకట్టి తోటలను బ్రతికించుకున్నారు. నేడు ఆ ప్రసిద్ధమైన తోటలన్నిటిలోనూ దాదాపు ప్రతి తీగెకూ వేరు పరాయి జాతిది, కొమ్మ మాత్రం తనది. పండు తన గుణం పోగొట్టుకోలేదు. మన మామిడి అంటు చూచినవారికి ఇది వింత కాదు. పరాయి నేలలో అంటుకట్టిన కొమ్మలమైన మనకు ఇందులో ధైర్యం ఉన్నది, బాధ్యత కూడా ఉన్నది. గుణం దానంతట అది నిలవదు. ప్రతి ఏడూ కత్తిరింపు, కాపలా కావాలి.

ఇంతవరకు చదివి, ఈయన తాగుడును మెచ్చుకుంటున్నాడే అని మా అక్కచెల్లెళ్ళు అనుకోవచ్చు. ఆ దేశం కూడా తాగుడుకు తప్పించుకోలేదు. ఫ్రాన్సులో మద్యం వలన ఏటా 41,000 మంది చనిపోతున్నారని 2015 లెక్కలను బట్టి వారి ఆరోగ్యశాఖవారే అంచనా వేశారు. మద్యం ప్రకటనల మీద 1991లోనే కట్టుదిట్టమైన చట్టం చేశారు. జనం కూడా మారుతున్నారు. 1960లో తలకు ఏడాదికి 100 లీటర్లకు పైగా ద్రాక్షసారా తాగేవారు. ఇప్పుడది 40 లీటర్ల చుట్టుప్రక్కలకు దిగింది. దాని ఫలితం బోర్డో రైతు మీద పడింది. సరుకు అమ్ముడుపోక, 9,500 హెక్టార్ల దాకా తోటలు పెరికివేయడానికి 2023లో ప్రభుత్వ సహాయంతో పథకం వేశారు. మరునాడు మేము పొలాల వైపు పోయినప్పుడు దారి ప్రక్కన పెరికిన ముసలి తీగెలు చితుకుల వలె కుప్పలుగా పడి ఉండడం చూచాము. గొప్ప పేరున్న తోటల గేట్లు బంగారుపూతతో మెరుస్తూనే ఉన్నాయి; కష్టం చిన్న రైతుది. ఆరోగ్యానికి మంచిదే ఒక రైతు కుటుంబానికి నష్టమైనప్పుడు ఎటు మాట్లాడాలో తేలిక కాదు.

మా యానాం సంగతి అందరికీ తెలిసిందే. 1929లో శారదా చట్టం వచ్చినప్పుడు అది పరాసు గడ్డమీద చెల్లదు గనుక, చుట్టుప్రక్కల జిల్లాలవారు బాల్యవివాహాలకు మా ఊరు పరుగెత్తుకు వచ్చేవారు. కల్యాణపురమని పేరు కూడా పెట్టారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన తరువాత ఉద్యమం పెరిగి, 1995 జనవరిలో ఆంధ్రలో మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించేవరకు మరొక రకం యాత్రికులు మా ఊరు వచ్చారు. పెండ్లికి వచ్చినవారు సిగ్గుతో, సీసాకు వచ్చినవారు సిగ్గులేక. ఆ రోజుల్లో నేను బడిపిల్లవాణ్ణి. రేవు దగ్గర మధ్యాహ్నం వేళ పడి ఉన్న మగవాళ్ళను దాటుకుంటూ ఇంటికి పోయేవాళ్ళం. ఒక్కొక్కరి ప్రక్కన ఒక్కొక్క ఆడమనిషి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉండేది. ఆ సీసాలో ఉన్నది ఏ పండుదో, ఏ ఊరిదో, ఏ ఏటిదో తాగేవాడు అడగడు. ఎంత త్వరగా తలకెక్కుతుందన్నదే లెక్క.

బోర్డో శాలలో నాకు తట్టిన తేడా అదే. ఇది ఎక్కడిది, ఎవరు పండించారు అని అడగడం మొదలుపెట్టినవాడికి తొందర తగ్గుతుంది. తొందర తగ్గినవాడికి కొలత తెలుస్తుంది. ఈ అడిగే అలవాటు సారాకే ఎందుకు? మనకూ 2003లో ఊరి పేరును కాపాడే చట్టం అమలుకు వచ్చింది. దానిక్రింద ఉప్పాడ జాందానీ చీరకు 2009లోనూ, ఆత్రేయపురం పూతరేకులకు 2023లోనూ గుర్తింపు దొరికింది. కన్నడదేశంలో బెంగుళూరు నీలిద్రాక్షకూ, మహారాష్ట్రలో నాసిక్ లోయ ద్రాక్షసారాకూ ఉన్నది. కాని చట్టం సగం పనే చేస్తుంది. ఆత్రేయపురం పేరు చెప్పి ఎక్కడో చుట్టిన పూతరేకు అమ్మినా మనం అడగకుండా కొంటే ఆ ఊరి ఆడవాళ్ళ చేతిపని నిలబడదు. అడిగే కొనుగోలుదారుడే బోర్డో పేరును తొంభై ఏళ్ళుగా నిలబెట్టింది.

మన పాఠకులలో ఎవరైనా అటు పోతే నాలుగు మాటలు. ఆ శాలకు సాయంత్రం రద్దీకి ముందే వెళ్ళండి. అప్పుడు వివరం చెప్పేవారికి తీరిక ఉంటుంది. ముందు ఏదైనా తినండి. జున్ను పళ్ళెం అక్కడే దొరుకుతుంది. మంచినీళ్ళు అడిగితే ఊరికే ఇస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గ్లాసు పంచుకోవడం తప్పు కాదు, ఉమ్మడం అమర్యాద కాదు. బండి నడిపేవారు ముట్టవద్దు. తాగనివారు కూడా వెళ్ళి వాసన చూచి, నేల పటం చూచి, మాట వినిరావచ్చు. ఎవరూ చిన్నచూపు చూడరు. అంత దూరం పోలేనివారికి నాసిక్ తోటలలో ఇటువంటి రుచిగదులు ఉన్నాయి; పద్ధతి అదే.

ఎక్కడికీ పోనక్కరలేని పని ఒకటి ఉన్నది. ఈ ఆదివారం పిల్లలను కూర్చోబెట్టి, మన ఇంటిపేరు ఏ ఊరిదో, అది ఏ ఏటి ఒడ్డున ఉన్నదో, అక్కడ ఏమి పండుతుందో చెప్పండి. మీకే తెలియకపోతే, తెలిసిన పెద్దవారు ఉండగానే అడిగి వ్రాసి పెట్టుకోండి.